పదో వంతు సెకను పంచాయితీ

మన ఇళ్ళల్లో ఎవరైనా కొత్త కారు కొంటే పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "మైలేజ్ ఎంతిస్తుంది?" మన హాస్టల్లో అడిగే మొదటి ప్రశ్న "జీరో టు హండ్రెడ్ ఎంత మామా?" ఈ రెండింట్లో పెద్దవాళ్ళదే తెలివైన ప్రశ్న అని నా అభిప్రాయం. మైలేజ్ అనేది బంకుకి వెళ్ళిన ప్రతిసారీ పనికొచ్చే లెక్క. సున్నా నుంచి వందకి పెడల్ నేలకి తొక్కి పట్టేది ఎవరు, ఎన్నిసార్లు? కారున్నవాణ్ణి అడిగి చూడండి. కొన్న వారంలో ఒకసారి, ఫ్రెండ్స్ ఎక్కినప్పుడు ఇంకోసారి. అంతే.

అయినా ఆ ఒక్క అంకె పట్టుకుని మనం రాత్రి రెండింటిదాకా కొట్టుకుంటాం. ఈ సెమిస్టర్‌లో మా వింగ్‌లో ఎక్కువసేపు సాగిన గొడవ హాట్ హ్యాచ్ గొప్పదా, రోడ్‌స్టర్ గొప్పదా అని. అంటే మామూలు ఐదు తలుపుల ఫ్యామిలీ హ్యాచ్‌బ్యాక్‌లో బలమైన ఇంజన్ పెట్టి వేగంగా చేసిన కారు ఒకవైపు, ఇద్దరే కూర్చునే, టాప్ తీసేసే చిన్న స్పోర్ట్స్ కారు ఇంకోవైపు. మొదటిదానికి ప్రపంచమంతా ఒప్పుకునే ఉదాహరణ ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. రెండోదానికి మజ్డా ఎమ్‌ఎక్స్-5, అమెరికాలో పేరు మియాటా. ఈ రెండూ నేను నడపలేదు, మీలోనూ ఎవరూ నడిపి ఉండరు. మజ్డా మన దేశంలో కార్లే అమ్మదు. గోల్ఫ్ జీటీఐ 2025 మే నెలలో వచ్చింది కానీ అప్పటి ఎక్స్-షోరూమ్ ధర 52.99 లక్షలు, ముందుగా తెచ్చినవి 150 కార్లు. కాబట్టి ఇది కొనుగోలు సలహా కాదు. 'పర్ఫార్మెన్స్' అనే మాటకి ఇంజనీరింగ్ చదివే మనం ఏం అర్థం చెప్పుకుంటున్నాం అన్నదే నా గొడవ.

ముందు అందరికీ ఇష్టమైన అంకెలే చూద్దాం. 2020లో వచ్చిన ఎనిమిదో తరం జీటీఐ: రెండు లీటర్ల టర్బో ఇంజన్, 245 పీఎస్ పవర్, 370 న్యూటన్ మీటర్ల టార్క్. ఇప్పటి ఎమ్‌ఎక్స్-5: ఇదీ రెండు లీటర్లే, టర్బో లేదు, 184 పీఎస్, 205 న్యూటన్ మీటర్లు. ఈ వరస చదవగానే మా రూమ్మేట్ "ఇంకేముంది, అయిపోయింది కదా" అన్నాడు. అవ్వలేదు. కంపెనీలు చెప్పే జీరో టు హండ్రెడ్ జీటీఐకి 6.4 సెకన్లు, ఎమ్‌ఎక్స్-5కి 6.5. అరవై పీఎస్ తక్కువున్న కారు పదో వంతు సెకను మాత్రమే వెనకబడింది.

కారణం బరువు. జీటీఐ సుమారు 1,420 కిలోలు, ఎమ్‌ఎక్స్-5 సుమారు 1,060. ఇప్పుడు పవర్‌ని బరువుతో భాగించండి. జీటీఐకి టన్నుకి 172 చిల్లర, ఎమ్‌ఎక్స్-5కి 173 చిల్లర. రెండు కంపెనీలు, రెండు దేశాలు, పొంతన లేని రెండు ఆలోచనలు తిరిగి తిరిగి ఒకే అంకె దగ్గరికొచ్చి నిలబడ్డాయి. ఒకరు ఇంజన్ పెంచుకుంటూ వచ్చారు, ఇంకొకరు బరువు తీసేసుకుంటూ వచ్చారు. జీరో టు హండ్రెడ్ అనే పరీక్షకి ఈ ఇద్దరి మధ్య తేడా కనిపించదు. ఇద్దరికీ ఒకే మార్కులు వేసి పంపేసింది. ఏ రెండు వేరువేరు పనులకైనా ఒకే మార్కు వచ్చిందంటే నేనైతే ముందు పేపర్ సెట్ చేసినవాణ్ణి అనుమానిస్తాను.

సరే, పేపర్ మారుద్దాం. హైదరాబాద్-విజయవాడ హైవే మీద ఆరో గేర్‌లో నిదానంగా పోతున్నారు, ముందు లారీ, పక్క లేన్ ఖాళీ అయింది. గేర్ మార్చకుండా పెడల్ తొక్కారు. ఇంజన్ 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఉందనుకోండి. జీటీఐ టర్బో 1,600 నుంచే 370 న్యూటన్ మీటర్లూ ఇచ్చేస్తుంది. టార్క్‌ని కోణీయ వేగంతో గుణిస్తే అక్కడ అందే పవర్ సుమారు 105 పీఎస్. ఎమ్‌ఎక్స్-5 తన పూర్తి 205 న్యూటన్ మీటర్లు 4,000 దగ్గర గానీ ఇవ్వదు. మనం ఉదారంగా 2,000 దగ్గరే మొత్తం ఇచ్చిందనుకున్నా వచ్చేది 58 పీఎస్. టన్ను లెక్కన చూసినా 74కి 55. రోడ్‌స్టర్ ఈ పేపర్‌లో ఫెయిల్. కిందికి రెండు గేర్లు వేసి, ఇంజన్‌ని అరిపించి, అప్పుడు దాటాలి. ఆ అరుపే మాకు కావాలి అంటారు దాని అభిమానులు. కానీ వెనక సీట్లో నానమ్మ నిద్రపోతుంటే... ఆగండి, రోడ్‌స్టర్‌కి వెనక సీటే లేదు.

టాప్ స్పీడ్ జీటీఐకి 250, ఎమ్‌ఎక్స్-5కి 219. దీని గురించి ఒక్క వాక్యం చాలు: మన ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి 120.

అసలు మజా మలుపులో ఉంది. ఇక్కడ కొంచెం ఓపిక పట్టాలి, ఎందుకంటే ఈ పంచాయితీలో నాకు నిజంగా నచ్చిన భాగం ఇదే. టైరుకి ఉండే పట్టుని జేబులో ఉన్న వంద రూపాయలనుకోండి. వేగం పెంచడానికైనా, బ్రేక్‌కైనా, మలుపు తిరగడానికైనా ఆ వందలోంచే ఖర్చు పెట్టాలి. (అసలు సూత్రం వృత్తం, నేరుగా కూడిక కాదు. మెకానికల్ వాళ్ళు మెయిల్ పెట్టొద్దు.) జీటీఐ ముందు చక్రాల డ్రైవ్. మలుపు మధ్యలో పెడల్ తొక్కితే కారుని లాగేదీ ముందు టైర్లే, తిప్పేదీ ముందు టైర్లే. ఒకే జీతంతో ఇంటద్దె, తమ్ముడి ఫీజు రెండూ కట్టే అన్నయ్య పరిస్థితి. వెనక టైర్లు మాత్రం హాయిగా కూర్చుని వస్తుంటాయి. ఎమ్‌ఎక్స్-5లో ముందు టైర్లు తిప్పుతాయి, వెనక టైర్లు నెడతాయి. పని పంచుకున్నారు.

దీనికి తోడు బరువు బదిలీ. కారు ముందుకి దూకినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. బస్సు కదిలినప్పుడు మనం వెనక్కి తూలడం లాంటిదే. అంకెలు కావాలంటే వేసుకుందాం. త్వరణం 0.5 జీ, గురుత్వ కేంద్రం ఎత్తు జీటీఐకి అర మీటరు, ఎమ్‌ఎక్స్-5కి 0.45 మీటరు అనుకుందాం. వీల్‌బేస్‌లు 2.63, 2.31 మీటర్లు. రెంటిలోనూ దాదాపు పది శాతం బరువు ముందు నుంచి వెనక్కి పోతుంది. జీటీఐ నిలబడి ఉన్నప్పుడు అరవై శాతం ముందుంటే, పరిగెత్తేటప్పుడు డ్రైవ్ చక్రాల మీద మిగిలేది యాభై. ఎమ్‌ఎక్స్-5ని ముందు యాభై, వెనక యాభై వచ్చేలా కట్టారు, పరిగెత్తేటప్పుడు డ్రైవ్ చక్రాల మీద అరవై అవుతుంది. అంటే అదే 0.5 జీ కోసం జీటీఐ టైరుకి 1.0 ఘర్షణ గుణకం కావాలి, ఎమ్‌ఎక్స్-5 టైరుకి 0.83 చాలు. జీటీఐకి ప్రకృతే సహకరించడం లేదు. అయినా 6.4 సెకన్లలో వంద కొడుతోందంటే, ముందు ఇరుసులో పెట్టిన ఎలక్ట్రానిక్ లాకింగ్ డిఫరెన్షియల్, ట్రాక్షన్ కంట్రోల్, టైర్లు కలిసి ఎంత చాకిరీ చేస్తున్నాయో ఊహించండి. నాకు జీటీఐ మీద గౌరవం పెరిగింది ఈ లెక్క వేశాకే. ఇంజనీరింగ్ గొప్పతనం అంటే కష్టమైన లెక్కని సాధించడమే అయితే ఇందులో హాట్ హ్యాచ్‌దే పైచేయి. తప్పు చోట ఇంజన్ పెట్టుకుని సరైన ఫలితం రాబట్టారు వోల్ఫ్స్‌బర్గ్ వాళ్ళు.

ఎమ్‌ఎక్స్-5 వాళ్ళు అసలు ఆ కష్టమే రాకుండా చూసుకున్నారు. ఇంజన్‌ని ముందు ఇరుసు వెనక్కి జరిపారు. బరువులన్నీ కారు మధ్యకి తెచ్చారు. దీనివల్ల ఏమవుతుందో కావడి మోసేవాణ్ణి చూస్తే తెలుస్తుంది. రెండు చివర్లా రెండు బిందెలు కట్టుకుని కావడి భుజాన వేసుకున్నవాడు గిరుక్కున తిరగలేడు, తిరిగితే ఆగలేడు. అవే బిందెలు నడుముకి ఆనించి పట్టుకుంటే బరువు అంతే, తిరగడం సులువు. మొమెంట్ ఆఫ్ ఇనర్షియా అని సెకండ్ ఇయర్‌లో బట్టీ కొట్టింది ఇదే. స్టీరింగ్ తిప్పగానే కారు తిరగడం, తిప్పిన కాసేపటికి తిరగడం, ఈ రెంటి మధ్య తేడా ఏ బ్రోషర్‌లోనూ సెకన్లలో రాయరు.

మజ్డావాళ్ళ బరువు పిచ్చి గురించి ఒక ముక్క చెప్పాలి. ఈ తరం కారు చేసేటప్పుడు వాళ్ళు పెట్టుకున్న పద్ధతి పేరే 'గ్రామ్ స్ట్రాటజీ'. కిలోలు కాదు, గ్రాములు. తర్వాత 184 పీఎస్ ఇంజన్ చేసినప్పుడు ఒక్కో పిస్టన్‌లో 27 గ్రాములు, ఒక్కో కనెక్టింగ్ రాడ్‌లో 41 గ్రాములు తగ్గించారు. అలా తగ్గించాకే ఇంజన్ 6,800 దగ్గర ఆగకుండా 7,500 ఆర్‌పీఎమ్ దాకా పోగలిగింది. పిస్టన్ మీద పడే జడత్వ బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి పైన ఆ ఏడు వందల ఆర్‌పీఎమ్ ఊరికే రాదు. మనం ప్రాజెక్టులో ఎక్కడైనా వంగుతోందంటే వెంటనే రెండు మిల్లీమీటర్లు మందం పెంచేస్తాం. వాళ్ళు 27 గ్రాముల కోసం కూర్చున్నారు. నాకు ఈర్ష్యగా ఉంటుంది.

జపాన్‌లో ఈ కారు ఉద్దేశాన్ని 'జిన్బా ఇత్తాయ్' అంటారు. రౌతు, గుర్రం ఒకే దేహంలా కదలడం అని అర్థం. మనకీ ఓ సామెత ఉంది, 'రౌతు కొద్దీ గుర్రం' అని. మనం దాన్ని ఆఫీసర్ల మీద, సూపర్‌వైజర్ల మీద వాడేస్తుంటాం గానీ, కార్లకి ఇంతకన్నా సరిపోయే మాట లేదు. ఐరేసింగ్ లాంటి సిమ్యులేటర్లలో కొత్తగా చేరినవాడి చేతికి ముందుగా ఇచ్చే కార్లలో ఎమ్‌ఎక్స్-5 ఒకటి. తక్కువ పవర్ కాబట్టి మలుపులో పోగొట్టుకున్న వేగాన్ని తర్వాత స్ట్రెయిట్‌లో ఇంజన్‌తో పూడ్చుకోలేం. ఎక్కడ నేర్చుకోలేదో వెంటనే బయటపడిపోతుంది. పవర్ ఎక్కువున్న కారు మన తప్పుల్ని మాఫీ చేస్తుంది. రోడ్‌స్టర్ వడ్డీతో వసూలు చేస్తుంది.

ఇక్కడే హ్యాచ్ వైపు నుంచి బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం నాకిష్టం లేదు. తప్పుల్ని మాఫీ చేయడం చెడ్డ గుణమా? వాన కురుస్తోంది, రోడ్డు మీద మట్టి, మలుపు అనుకున్నదానికన్నా బిగుతుగా ఉంది. ముందు చక్రాల కారులో పట్టు తప్పితే సాధారణంగా ముక్కు బయటికి జారుతుంది, పెడల్ వదిలితే చాలాసార్లు లైన్‌లోకొస్తుంది. భయపడ్డ మనిషి కాలు ఎలాగూ పెడల్ మీంచి లేస్తుంది కాబట్టి కారు స్వభావం, మనిషి భయం ఒకవైపే పనిచేస్తాయి. వెనక చక్రాల తేలిక కారులో తోక జారితే స్టీరింగ్‌ని ఎదురు తిప్పి పట్టుకోవాలి, అది నేర్చుకుంటే వచ్చేది. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ ఇప్పుడు రెండింట్లోనూ కాపాడుతుంది, నిజమే. అయినా లైసెన్సొచ్చి ఆర్నెల్లయిన తమ్ముడికి వానలో శ్రీశైలం ఘాట్ మీద ఏ తాళం ఇస్తావు అని అడిగితే, హ్యాచ్ తాళమే ఇస్తాను. రెండో ఆలోచన లేదు.

ఇంకో వాదన మరీ బలమైనది: నలుగురు మనుషులు. జీటీఐ బూటు సుమారు 375 లీటర్లు, ఎమ్‌ఎక్స్-5ది 130. సంక్రాంతికి ఊరెళ్ళేటప్పుడు అమ్మ కట్టిచ్చే పచ్చడి జాడీలు, బియ్యం బస్తా, అరిసెల డబ్బా ఈ 130 లీటర్లలో పెట్టి చూపించండి. జీటీఐ పుట్టుకే అలాంటిది. 1970ల మధ్యలో ఫోక్స్‌వ్యాగన్‌లో కొద్దిమంది ఇంజనీర్లు ఆఫీసు పని తర్వాత, పైవాళ్ళకి చెప్పకుండా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ అది. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో చూపించారు, 1976లో అమ్మకానికి పెట్టారు. 5,000 కార్లు అమ్ముడుపోతే గొప్ప అనుకుంటే, మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది. డబ్బున్నవాడు రోజువారీకి ఒక కారు, సరదాకి ఒక కారు పెట్టుకుంటాడు. ఒక్క కారు మాత్రమే కొనగలిగినవాడికి సరదా ఎందుకుండకూడదు అన్నదే జీటీఐ ప్రశ్న. ఇంటికి ఒక బండే ఉండే మన దగ్గర ఈ ప్రశ్నకి ఇంకా ఎక్కువ విలువ ఉంది. సీట్ల మీద గళ్ళ గుడ్డ, గేర్ రాడ్ పైన గోల్ఫ్ బంతి డిజైన్ చేసినావిడ గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్. ఆ రెండు చిలిపి ముక్కలు లేకపోతే అది వేగంగా పోయే ఇంకో గోల్ఫ్ అయి మిగిలేదేమో.

పైగా టాప్ తీసిన కారు మన ఎండల్లో ఎప్పుడు నడుపుతారు? మే నెల మధ్యాహ్నం బెజవాడ బెంజ్ సర్కిల్లో, పక్కన సిటీ బస్సు, వెనక ఇసుక లారీ. జుట్టు గాలికి ఎగురుతుందని యూట్యూబ్‌లో చూపిస్తారు గానీ, జుట్టులో ఏం చేరుతుందో చూపించరు. మన దేశంలోనూ ఒకరు ప్రయత్నించారు. 1990ల చివర్లో శాన్ స్టార్మ్ అని ఇద్దరు కూర్చునే ఫైబర్ బాడీ ఓపెన్ కారు వచ్చింది. రెనో 1.2 లీటర్ ఇంజన్, 60 హార్స్‌పవర్. మీలో ఎంతమంది దాని పేరు విన్నారో, ఎంతమంది రోడ్డు మీద చూశారో లెక్కేస్తే మన మార్కెట్ ఏం తీర్పిచ్చిందో తెలిసిపోతుంది.

ఇన్ని చెప్పాక కూడా నా ఓటు రోడ్‌స్టర్‌కే. దానికి కారణం ఇప్పటిదాకా వేసిన లెక్కల్లో లేదు.

మంచి హాట్ హ్యాచ్ గొప్పదనం ఏంటంటే 120లో కూడా 70లా అనిపిస్తుంది. బరువు, ఖరీదైన డ్యాంపర్లు, మూసిన అద్దాలు, సైలెంట్ క్యాబిన్. రోడ్‌స్టర్ దీనికి సరిగ్గా తలకిందులు. చెవి పక్కనే గాలి, నడుము రోడ్డుకి జానెడు పైన, కాబట్టి 70లోనే 120లా అనిపిస్తుంది. మన వాళ్ళు మొదటిదాన్ని క్వాలిటీ అంటారు, రెండోదాన్ని లోపం అంటారు. నాకు రెండోదే పర్ఫార్మెన్స్ అనిపిస్తుంది. మనం వెతికేది వేగాన్ని కాదు, వేగం ఇచ్చే ఫీలింగ్‌ని. ఆ ఫీలింగ్ ఎంత తక్కువ వేగంలో దొరికితే అంత మంచి యంత్రం. ఇన్‌పుట్ తక్కువ, అవుట్‌పుట్ ఎక్కువ, ఎఫిషియెన్సీ అంటే ఇది కాదూ?

ఇది కవిత్వం అనుకునేవాళ్ళకి గతిశక్తి లెక్క. డెబ్భై కిలోల డ్రైవర్‌తో కలిపి జీటీఐ 1,490 కిలోలు. గంటకి 120 కిలోమీటర్ల దగ్గర దానిలో సుమారు 828 కిలోజౌల్స్ శక్తి ఉంటుంది. అదే డ్రైవర్‌తో 1,130 కిలోల ఎమ్‌ఎక్స్-5 గంటకి 80 దగ్గర సుమారు 279. మూడో వంతు. గేదె అడ్డమొచ్చినా, రాంగ్ రూట్‌లో ట్రాక్టర్ వచ్చినా, ఆ శక్తంతా బ్రేకుల్లో వేడిగా మారాలి, లేదా ఇంకెక్కడికైనా పోవాలి. రెండు కార్లలో కూర్చున్నవాడి గుండె ఒకేలా కొట్టుకుంటోందనుకుంటే, ఒకడు ఆ సంతోషానికి మూడో వంతు అప్పే చేశాడు.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక. అందులో మూడింట రెండొంతులు 18 నుంచి 45 మధ్య వయసువాళ్ళు. హాట్ హ్యాచ్‌లు, రోడ్‌స్టర్లు మన దగ్గర వేళ్ళమీద లెక్కపెట్టేన్ని కాబట్టి ఈ చావుల్లో వాటి పాత్ర ఏమీ లేదు. కానీ ఆ 'జీరో టు హండ్రెడ్ ఎంత?' అన్న ప్రశ్న మాత్రం అన్ని బళ్ళ మీదా స్వారీ చేస్తోంది. 125 సీసీ బైక్ కొన్నవాడూ మొదటి రోజే టాప్ స్పీడ్ వీడియో తీస్తాడు. హెల్మెట్ ట్యాంక్ మీద ఉంటుంది. మన క్యాంపస్ గేటు ముందు హైవే మీద ఇది చూడని వాళ్ళు లేరు. పర్ఫార్మెన్స్ అంటే మీటర్‌లో కుడివైపు చివర ఉండే అంకె అని మనకి నేర్పింది బ్రోషర్లు, రీల్స్. ఆ నిర్వచనం మార్చడం ట్రాఫిక్ పోలీసుల చలానాతో అయ్యే పని కాదు. బళ్ళంటే ప్రాణం పెట్టే మనలాంటి వాళ్ళే మార్చాలి. బళ్ళంటే ఇష్టం లేనివాడు చెబితే వినేదెవరు?

తిరుమల ఘాట్ రోడ్డు మీద ఒక వింత రూలుంది, గమనించారా? కనీస సమయం పెట్టారు. ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకన్నా ముందే చేరితే ఫైన్. టైమింగ్ చూసి శిక్షించే రోడ్డు! ఇప్పుడు ఈ రోడ్డు మీద రెండు కార్లూ పెట్టండి. ఇద్దరూ ఒకే 40 నిమిషాలకి దిగాలి. జీటీఐకి అది నిద్రొచ్చే పని, ఏసీ వేసుకుని పాటలు పెట్టుకుంటుంది. ఎమ్‌ఎక్స్-5లో ప్రతి మలుపూ ఒక మలుపే, మూడో గేర్‌లోంచి రెండుకి ఎప్పుడు దించాలి, స్టీరింగ్ ఎంత తిప్పాలి, అన్నిటికీ పని ఉంది. (తిరుపతి ఎండకి గుండైతే చేయించుకునే దిగాలి, జుట్టు సమస్య ఎలాగూ ఉండదు.) గడియారాన్ని పక్కన పెట్టేసిన రోడ్డు మీద కూడా నడిపేవాడికి ఏమైనా మిగిల్చిన కారు ఏది? నా తూకపురాయి అది.

చివరగా ఒక లెక్క, ఇది ఎక్కడా చదివింది కాదు, అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే కనబడింది. 1976 నాటి మొదటి జీటీఐ: 1.6 లీటర్, 110 పీఎస్, బరువు 810 కిలోలు, జీరో టు హండ్రెడ్ సుమారు 9 సెకన్లు. ఇప్పటి జీటీఐ దానికన్నా 600 కిలోల పైన బరువు. యాభై ఏళ్ళలో ఎయిర్‌బ్యాగులు, క్రాష్ నిబంధనలు, ఏసీ, స్క్రీన్లు, పెద్ద చక్రాలు చేరాయి. కొన్నిటికి కారణం ఉంది, ఎయిర్‌బ్యాగులు తీసేయమని ఎవరూ అనరు. కానీ అవే నిబంధనలు ఎమ్‌ఎక్స్-5కీ ఉన్నాయి. 1989లో 950 కిలోల దరిదాపుల్లో మొదలైన ఆ కారు ఇప్పటికీ వంద కిలోల పైచిలుకు మాత్రమే పెరిగింది.

ఇంకా తమాషా ఏంటంటే, 2015లో ఈ తరం రోడ్‌స్టర్‌ని జపాన్‌లో, అంటే సొంతింట్లో, మజ్డా 1.5 లీటర్ ఇంజన్‌తోనే మొదలుపెట్టింది. రెండు లీటర్లది బయటివాళ్ళ కోసం. ఆ 1.5 కారులో అన్నిటికన్నా తేలికైన రకం 990 కిలోలు, 131 పీఎస్. టన్నుకి 132 అవుతుంది. మొదటి జీటీఐది భాగిస్తే 136. కుర్రాళ్ళని పిచ్చెక్కించిన ఆ పాత హాట్ హ్యాచ్‌కి ఈ లెక్కలో దగ్గరి చుట్టం ఇవాళ్టి జీటీఐ కాదు, ఈ చిన్న రోడ్‌స్టర్.

"రెండు లీటర్లది ఉండగా 1.5 ఎందుకురా?" అని మా రూమ్మేట్ ఇంకా అడుగుతూనే ఉన్నాడు. యూరప్‌లో అమ్మిన 1.5 కారుకి జీరో టు హండ్రెడ్ 8.3 సెకన్లు పడుతుంది. నాకు అదే కావాలి. నల్ల రంగు వద్దు, వెజిల్ పెట్టిన సైలెన్సర్ వద్దు, ఆరు గేర్ల మాన్యువల్ తప్పనిసరి. బియ్యం బస్తా ఆర్టీసీ కార్గోలో వేస్తాను.